యంత్రలేఖనమున పంక్తివిరామము



తాళపత్రగ్రంథములను జూచినవారికి నొక సంగతి తెలిసియుండును. అందు పద్యపాదములు వేఱువేఱు పంక్తులుగా నుండక, ఆకు చివరవఱకు నేకధారగా సాగిపోవును. ఛందస్సు నెఱిగిన పఠిత యతిప్రాసలను బట్టి పాదములను విడదీసికొనును. కంప్యూటరు కట్టి జ్ఞానము లేదు. పంక్తి యెచట ముగిసినదో దానికి గుర్తు పెట్టి చెప్పవలెను.

ఆ గుర్తు కంటికి గానరాదు. ఆస్కీ యను వర్ణసంకేతమాలలో దాని సంఖ్య 10. పూర్వము టెలిప్రింటరులలో కాగితమును ఒక వరుస జరుపుటకు నిదియే యాజ్ఞ.

1987లో లారీ వాల్ అను అమెరికా దేశీయుడు పెర్ల్ అను భాషను వెలువరించెను. అందలి "ప్రింట్" అను నాజ్ఞ మన మిచ్చిన మాటను మాత్రమే వ్రాయును. సామాన్యముగా ముగింపుగుర్తును దానంతట జేర్చదు. వరి, జొన్న, కంది యని మూడుమాఱులు వేఱువేఱుగా వ్రాయుమన్నచో "వరిజొన్నకంది" యని యొకే పంక్తిగా వచ్చును. ప్రతిమాట చివరను గుర్తును మనమే పెట్టవలెను.

మఱపు మానవసహజము గదా! అందుచే 2007లో వెలువడిన 5.10వ కూర్పున "సే" అను నాజ్ఞను జేర్చిరి. "చెప్పుము" అని దాని యర్థము. అది మాటను వ్రాసి గుర్తును దానే చేర్చును. అయితే దానిని వాడదలచినవారు ఆ సంగతిని ముందుగా దెలుపవలెను. పైతాన్ భాషలోను "ప్రింట్" కలదు. పేరొకటే యైనను, అది గుర్తును దానే చేర్చును. ఈ భేద మెఱుగక మరల గుర్తు పెట్టినచో నడుమ నొక ఖాళీపంక్తి పడును.

ఇది యల్పవిషయ మని తలపవలదు. నా పూర్వశిష్యుల పట్టికను మా మనుమడు పెర్ల్‌లో సిద్ధపఱచెను. 100 పేర్లుండగా యంత్రము 99 అని లెక్క చెప్పెను. యూనిక్సు పద్ధతిలో పంక్తులను లెక్కించు సాధనము పేర్లను గాక, ముగింపుగుర్తులనే లెక్కించును. కడపటి పేరునకు మాత్రము గుర్తు లేదు. ఆ శిష్యుని పేరు కాగితమున నున్నది, లెక్కలో లేదు!

పింఛనుపట్టికయైనను, వోటరులపట్టికయైనను న్యాయ మొక్కటే. కావున మీ యిండ్లలో నీ విద్య నేర్చు పిల్లలతో నొక్కమాట చెప్పుడు: పట్టిక ముగించినపుడు, కడపటివాడు లెక్కలో జేరెనో లేదో చూడుమని.