ఫోన్‌కు తెలిసిన చిరునామా

ఆకాశంలోని జీపీఎస్ ఉపగ్రహాలకు ఎవరి ఫోన్ ఎక్కడుందో తెలియదు. అవి సమయాన్నీ తమ స్థానాన్నీ ప్రసారం చేస్తూ పోతాయి. ఆ సంకేతాలు అందడంలోని తేడాలను బట్టి ఫోనే తన చోటును లెక్కగట్టుకుంటుంది. ఆరుబయట ఈ లెక్క కొద్ది మీటర్ల తేడాలో సరిపోతుంది. సెల్ టవర్ సంగతి వేరు. కాల్ అందాలంటే ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో కంపెనీకి తెలియక తప్పదు. అందువల్ల లొకేషన్ ఆపేసినా ఆ జాడ మిగిలే ఉంటుంది. కాకపోతే టవర్లు దూరదూరంగా ఉండే పల్లెల్లో అది ఉజ్జాయింపు మాత్రమే.

చిక్కు మొదలయ్యేది ఫోన్ కట్టిన లెక్క ఇతరుల చేతికి వెళ్లాకే. ఉదాహరణకు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు చాలావరకు ఇళ్లలోనే, ఆడవాళ్ల చేతుల మీదుగా తయారవుతాయి. ఇంట్లోనే రేకులు తీసి ఫోన్‌లో ఆర్డర్లు తీసుకునేవారికి దుకాణం చిరునామా, ఇంటి చిరునామా ఒకటే. మ్యాప్‌లో పెట్టిన గుర్తు కొనేవారినే కాదు, పిలవనివారినీ గుమ్మం దాకా తెస్తుంది. వాట్సాప్‌లో ఉన్న చోటును ఒక్కసారి పంపడం ఒక పద్ధతి. లైవ్ లొకేషన్ ఇస్తే 15 నిమిషాలో, గంటో, 8 గంటలో మనిషి కదలికంతా అవతలివారికి కనిపిస్తుంది. పార్సిల్ తీసుకెళ్లే కుర్రాడికి మొదటిది చాలు.

ఒక్క చోటు తెలిస్తే పెద్ద నష్టం లేకపోవచ్చు, పోగుపడితేనే ప్రమాదం. 15 లక్షల మంది ఫోన్ల సమాచారంపై 2013లో వెలువడిన అధ్యయనంలో, సమయంతో సహా నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మందిని విడిగా పట్టుకోవచ్చని తేలింది. పేరు తీసేశామన్న యాప్ మాటకు అందుకే పెద్ద విలువ లేదు. రాత్రి ఫోన్ ఆగే చోటు ఇల్లు, పగలు ఆగే చోటు పని. ఇక పేరు కనుక్కోవడం ఎంతసేపు? లొకేషన్ హిస్టరీ ఆపేసిన తర్వాత కూడా గూగుల్ మరో సెట్టింగ్ ద్వారా జాడలు దాచుకుంటోందని 2018లో బయటపడింది. ఆ వ్యవహారంలో 2022లో 40 అమెరికా రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. వాతావరణం చెప్పే యాప్‌కు ఊరి పేరు తెలిస్తే సరిపోతుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన చోటు బదులు ఉజ్జాయింపు ఇచ్చే వీలుంది. టార్చిలైటు యాప్‌కైతే అదీ అక్కర్లేదు.

ఇదే లొకేషన్ ప్రాణరక్షణకూ ఆధారం. 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మహిళల రక్షణ కోసం తొలి దిశ పోలీస్ స్టేషన్ ప్రారంభమైంది. ఆపదలో ఫోన్ ఊపితే ఉన్న చోటు కంట్రోల్ రూమ్‌కు చేరేలా దిశ యాప్‌ను తయారుచేశారు. అడిగినప్పుడు, అవసరం మేరకు చోటు చెప్పడం వేరు. నిరంతరం కనిపెట్టి ఉండడం వేరు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. బెయిలు మీద విడుదలైన నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో తన చోటు ఎప్పుడూ పోలీసులకు కనిపించేలా ఉంచాలన్న షరతు చెల్లదని, ఆ హక్కు నిందితుడికీ ఉంటుందని 2024 జులైలో అదే కోర్టు తేల్చింది.