సువాసనల ఊళ్లో చెత్త గుట్టు

ఓడికొలోన్... పేరు వినగానే పరిమళం గుప్పుమంటుంది కదూ! దాని పుట్టిల్లు జర్మనీలో రైన్ నది ఒడ్డునున్న కొలోన్ నగరం. 2002లో మాత్రం ఆ ఊరు చెత్త కంపుతో వార్తల్లోకెక్కింది.

నగర శివారు నీల్‌లో ఓ భారీ ప్లాంటుంది. ఇళ్లలోంచి వచ్చే చెత్తను కాల్చి, ఆ వేడితో కరెంటు తీస్తారక్కడ. 1998లో పని మొదలుపెట్టిన ఆ ప్లాంటు నిర్మాణ కాంట్రాక్టు విలువ దాదాపు 80 కోట్ల మార్కులు. దక్కించుకున్నది స్టైన్‌ముల్లర్ కంపెనీ. ఎలాగంటారా? ప్లాంటు కట్టిస్తున్న ఏవీజీ సంస్థ అధిపతి ఉల్రిచ్ ఐజర్‌మన్, పోటీదారులు వేసిన ధరల గుట్టు ఆ కంపెనీకి విప్పాడు. దాన్నిబట్టి కంపెనీ తన ధర సర్దుకుంది. ప్రతిఫలం... కాంట్రాక్టులో మూడు శాతం. అంటే సుమారు 2.4 కోట్ల మార్కులు!

భారం ఎవరి మీద?

ఆ సొమ్ము కంపెనీ జేబులోంచి పోలేదు. కాంట్రాక్టు ధరలోనే కలిపేశారు. దొంగ బిల్లులతో స్విట్జర్లాండ్ మీదుగా చేతులు మార్చారు. జర్మనీలో చెత్త ఎత్తడానికీ వదిలించుకోవడానికీ అయ్యే ఖర్చును ఇంటింటి నుంచీ రుసుముగా రాబడతారు. అంటే, చెత్తబుట్ట బయటపెట్టిన ప్రతి ఇల్లాలూ ఆ లంచంలో తన వంతు కట్టినట్టే.

రాజకీయమూ తోడైంది. కంపెనీలు సోషల్ డెమొక్రాట్ పార్టీ స్థానిక శాఖకు ముట్టజెప్పిన డబ్బును ముక్కలు చేసి, కార్యకర్తల పేర దొంగ విరాళాల రసీదులు రాశారు. వాటిని చూపించి పన్ను రాయితీ కూడా పొందారు!

పావు వాటా మెలిక

2004లో కొలోన్ కోర్టు ఐజర్‌మన్‌కు మూడేళ్ల తొమ్మిది నెలల జైలుశిక్ష వేసింది. మరుసటేడు కేసు అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లింది. అతణ్ని ప్రభుత్వోద్యోగిగా లెక్కించాలా? ఇదీ అక్కడ తలెత్తిన ప్రశ్న. ఏవీజీలో అధిక వాటా నగరానిదే. కానీ 25.1 శాతం ఓ ప్రైవేటు చెత్త వ్యాపారిది. ముఖ్య నిర్ణయాలను అడ్డుకోవడానికి అది చాలు. కాబట్టి ఆ సంస్థ ప్రభుత్వ విభాగం కిందికి రాదనీ, ఇది వ్యాపార లంచమేననీ కోర్టు తేల్చింది. అయితే లంచమెంతో, సంస్థకు నష్టం కనీసం అంత జరిగినట్టేనంది.

ఇంకో మాట కూడా చెప్పింది. తగినంత సిబ్బంది లేక ఇలాంటి పెద్ద ఆర్థిక నేరాల విచారణ ఏళ్లతరబడి సాగుతోందనీ, చివరికి శిక్షలు తేలికైపోతున్నాయనీ వాపోయింది.

నీల్ ప్లాంటు ఇప్పటికీ చెత్తను కాలుస్తూనే ఉంది.