ఎండ నుండి చల్లఁదనము

గ్రామపెద్దలారా,

ఎండ మంచును గరఁగించు నని ముప్పదియేండ్లు బడిలోఁ జెప్పితిని. ఆ యెండయే మంచును బుట్టించు నని విన్నప్పుడు నాకును వింతయే తోఁచెను. కాని 1878లో పారిస్ ప్రదర్శనమున, నావలెనే బడిపంతులుగా నుండిన మూషో యను ఫ్రెంచివాఁడు పెద్ద యద్దముతో నెండను గూర్చి, ఆ బలముచే మంచుగడ్డను జేసి చూపెను.

నేఁటి పద్ధతి వేఱు. సౌరఫలకముపైఁ బడిన వెలుఁగు విద్యుత్తుగా మాఱి శీతలపేటికలోని కంప్రెసరును నడపును. అది యొత్తిన వాయువు వెలుపల వేఁడిని విడిచి ద్రవమగును. లోపల మరల నావిరియగుచు వేఁడిని గ్రహించును. తడిగుడ్డ చుట్టిన కుండ చల్లఁబడుటయు నావిరి వేఁడిని గొనిపోవుటచేతనే.

మఱి రాత్రి మాట యేమి? టీకాలకై చేసిన కొన్ని పేటికలలో చల్లఁదనమును నిలుపుటకు బ్యాటరీ యక్కఱలేదు. పగలు గోడలలోని నీరు మంచుగాఁ గట్టును. ఆ మంచే రాత్రియు, మబ్బుదినములందును గాపాడును. ధాన్యమును గాదెలో నుంచినట్లు చల్లఁదనమును దాఁచుట యిది.

టీకామందులు చాలవఱకు 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుండవలెను. వేఁడి తగిలినను, కొన్ని గడ్డకట్టినను, శక్తి చెడును. ఆ చెడుట కంటికిఁ దెలియకపోవచ్చును.

కావున నా మనవి యొక్కటి. మీ యూర నట్టి పేటిక యున్నచో ఫలకముపైఁ జెట్టునీడ పడనీయకుఁడు, దుమ్ము తుడిపింపుఁడు, ఊరక తలుపు తెఱవనీయకుఁడు. ఒక్క కొమ్మనీడ పసిబిడ్డల రక్షకు నడ్డు కాఁగలదు.