టామీ అమెరికా వెళ్తోందా? దోమలు జాగ్రత్త!

అబ్బాయికి డల్లాస్‌లో ఉద్యోగం వచ్చింది. కోడలికీ పిల్లాడికీ వీసాలు వచ్చాయి. మరి టామీ? ఒకప్పుడైతే చుట్టాలింట్లో వదిలేసి వెళ్లేవారు. ఇప్పుడు దాన్నీ వెంటబెట్టుకుని శంషాబాద్‌లో విమానమెక్కే కుటుంబాలున్నాయి. రేబిస్ టీకా, మైక్రోచిప్, ప్రయాణానికి పెట్టె... వీటి కోసం నెలల ముందు నుంచే పరుగులు పెడతారు. కుట్టే పురుగుల సంగతి మాత్రం అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటారు. అమెరికాలో దోమలేమిటి అని నవ్వేవారూ ఉన్నారు!

ఉన్నాయి. టెక్సాస్‌లో అయితే దండిగా ఉన్నాయి. అవి మోసుకొచ్చేది హార్ట్‌వర్మ్ అనే పురుగును. జబ్బున్న కుక్కను కుట్టిన దోమ కొన్నాళ్లకు మరో కుక్కను కుడితే పిల్లపురుగులు దాని ఒంట్లోకి దిగుతాయి. ఆరేడు నెలల్లో ఎదిగి గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కాపురం పెడతాయి. ఆడపురుగు దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది. వైద్యం ఉంది గానీ కష్టం. ఇంజెక్షన్లు చేయించాలి, నెలల తరబడి కుక్కను పరుగెత్తనివ్వకూడదు. చచ్చిన పురుగులు రక్తనాళాలకు అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది. అదే ముందు జాగ్రత్తయితే నెలకో మాత్ర, అంతే! పరీక్ష చేయించి, డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి. దోమ రోగాన్ని మోస్తుందన్న ఆచూకీ 1897లో రోనాల్డ్ రాస్‌కు దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. అలాంటి ఊరివాళ్లం దోమను తేలిగ్గా తీసుకుంటే ఎలా?

యూరప్ వెళ్లేవారికి బెడద వేరు. స్పెయిన్, ఇటలీ, గ్రీస్‌లలో శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుక్కలకు లీష్మానియా అంటిస్తుంది. 2003లో మన పిల్లల్ని బలిగొన్న చాందీపురా జ్వరం గుర్తుందా? దాన్ని వ్యాపింపజేసేదీ ఈ జాతి ఈగే. మామూలు దోమతెర కంతల్లోంచి సులువుగా దూరిపోతుంది. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా దీనిదే రాజ్యం. ఆ వేళ కుక్కను ఇంట్లోనే ఉంచాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పిడుదులకని డాక్టరు రాసే మాత్ర, పిడుదు కరిచి రక్తం తాగాకే దాన్ని చంపుతుంది. అసలు కుట్టకుండా ఈగను తరిమేది డెల్టామెత్రిన్ లాంటి మందు పట్టించిన మెడపట్టీ. అది ఒళ్లంతా పాకి పనిచేయడానికి వారం దాకా పడుతుంది. విమానాశ్రయం పార్కింగ్‌లో కట్టేస్తే ఏం లాభం? మనం పూసుకునే దోమల క్రీము కుక్కకు పూయకండి, నాకేస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరో మాట... పెర్మెత్రిన్ ఉన్న మందు కుక్కకు మంచిదే గానీ పిల్లికి విషం.

మన దగ్గర పురుగులు లేవా అంటే, పిడుదులకు మనమే పెట్టింది పేరు. షాద్‌నగర్ వైపు తోటకెళ్లి గడ్డిలో పొర్లాడి వచ్చిన కుక్క చెవుల వెనక, వేళ్ల సందుల్లో చూడండి, తెలుస్తుంది. వీటివల్ల వచ్చే ఎర్లీషియా జ్వరం పైకి కనిపించకుండా నెలలు దాగి ఉంటుంది. అందుకే ప్రయాణానికి ముందు రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ఆస్ట్రేలియాలో ఈ జ్వరం అక్కడి కుక్కల్లో 2020లో మొదటిసారి బయటపడింది. వాళ్ల నిబంధనలు అంత కఠినంగా ఉండటంలో వింతేముంది! మన దేశం నుంచి కుక్కను అక్కడికి నేరుగా తీసుకెళ్లనివ్వరు. ముందు వాళ్లు ఆమోదించిన మరో దేశంలో ఉంచాలి.

అమెరికాకైతే పుండ్లలో గుడ్లు పెట్టే స్క్రూవర్మ్ ఈగ భయం. దాని పురుగులు లేవని బయల్దేరే ముందు అయిదు రోజుల్లోపు పరీక్షించిన ధ్రువపత్రం అడుగుతారు. చిన్న గాయమున్నా ముందే మాన్పించుకోవాలి. హైదరాబాద్‌లోని జంతు క్వారంటైన్ కేంద్రంలో కాగితాలన్నీ ముందే చూపించుకుంటే చివరి నిమిషం హైరానా ఉండదు.

ఇక సంక్రాంతికో పెళ్లికో కుక్కతో తిరిగొచ్చినప్పుడు... ఏ దేశంలో ఎన్నాళ్లు ఉందో ఇక్కడి డాక్టరుకు చెప్పండి. లీష్మానియా లక్షణాలు కొన్ని కుక్కల్లో ఏళ్ల తర్వాత కూడా బయటపడతాయి. బొచ్చు రాలిపోతుంటే పిడుదులేలే అని సరిపెట్టుకుంటే అసలు జబ్బు చేయిదాటిపోవచ్చు.