4.3 ఆరుబయటి కుర్చీలు, బల్లలు: ఇంట్లోని పదార్థాలతో శుభ్రపరచడం

వరండాలో, డాబా మీద ఉంచే కుర్చీలు, బల్లలు ఎండకూ వానకూ గురవుతాయి. వాటిపై దుమ్ము, జిడ్డు, పాచి, తుప్పు చేరతాయి. ఇవి ఒకే స్వభావం గలవి కావు. కాబట్టి ఒకే పదార్థంతో అన్నింటినీ తొలగించలేం. ముందుగా మురికి ఏ రకానిదో, కుర్చీ దేనితో చేసినదో గుర్తించాలి.

4.3.1 మురికిని బట్టి ఎంపిక

సబ్బు అణువులో ఒక కొన నీటితోనూ, మరొక కొన నూనెతోనూ కలుస్తుంది. అందువల్ల దుమ్ము, జిడ్డు గోరువెచ్చని సబ్బునీటితో పోతాయి. తుప్పు సబ్బుకు లొంగదు. తుప్పు ప్రధానంగా ఐరన్ ఆక్సైడ్. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం దానిని నెమ్మదిగా కరిగిస్తాయి. తుప్పు పోయిన ఇనుమును మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే రంగు వేయాలి. లేకపోతే మళ్లీ తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ కుర్చీలపై మరకలను తడిపిన వంటసోడాతో రుద్దవచ్చు. పాచిని బ్రష్‌తో, సబ్బునీటితో తొలగించాలి.

4.3.2 వస్తువును బట్టి జాగ్రత్త

అల్యూమినియానికి వాషింగ్ సోడా వాడరాదు. ఆ క్షారం లోహంపై ఉన్న రక్షణ పొరను కరిగించి మచ్చలు కలిగిస్తుంది. పేము కుర్చీలను నానబెట్టకుండా, పిండిన తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి.

4.3.3 కలపకూడనివి

వంటసోడా, వెనిగర్ కలిపితే వచ్చే నురగను చూసి అది బలమైన ద్రావణమని చాలామంది భావిస్తారు. నిజానికి అవి ఒకదానినొకటి తటస్థపరచుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ పోయాక మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీరే. ఇక్కడ జరిగేది వృథా మాత్రమే.

బ్లీచ్ విషయంలో జరిగేది ప్రమాదం. అందులోని సోడియం హైపోక్లోరైట్‌కు వెనిగర్ గాని, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం గాని తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం ఆయుధంగా వాడినది ఈ వాయువునే. అమ్మోనియా కలిస్తే విషపూరితమైన క్లోరమైన్లు ఏర్పడతాయి. ఘాటైన వాసన వస్తే శుభ్రం చేయడం ఆపి, వెంటనే అక్కడి నుంచి దూరంగా వెళ్లాలి. దగ్గు, ఆయాసం ఉంటే వైద్యుని సంప్రదించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తుప్పును సబ్బునీరు ఎందుకు తొలగించలేదు?
2. మీ ఇంట్లోని శుభ్రపరిచే ద్రవాల లేబుళ్లను చదివి, కలపకూడని జతలను రాయండి.