నాయనమ్మ ప్రార్థన తీసివేయకండి

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో అనేక విశ్వాసుల ఇండ్ల బీరువాలలో పెండ్లి క్యాసెట్లు, బాప్తిస్మపు క్యాసెట్లు ఇంకను ఉన్నవి. జపాను కంపెనీ ఫునాయ్ 2016లో వీ.సీ.ఆర్.ల తయారీ ఆపివేసినది. కనుక ఆడే వీ.సీ.ఆర్. దొరకుచుండగానే వాటిని కంప్యూటరులోనికి ఎక్కించుకొనుట మంచిది. టేపుపై తెల్లని బూజు కనబడితే మాత్రము ఆడించకండి. అది హెడ్డుకు అంటుకొని తరువాతి క్యాసెట్టును కూడ పాడుచేయును.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చును. మన యౌవనస్థులు ముక్కలు కత్తిరించి, అతికించి, "సేవ్ చేశాము గదా" అని అసలు వీడియోలను తుడిచివేయుదురు. మరునాడు తెరచి చూస్తే బొమ్మ ఉండదు. ప్రాజెక్టు ఫైలు సినిమా కాదు, ప్రియులారా. ఏ ముక్క ఎక్కడ నుండి తీసుకొనవలెనో వ్రాసుకొన్న చీటీ మాత్రమే. 2017లో నిలిపివేసిన విండోస్ మూవీ మేకరులో ఇట్టి చోట ఎర్రని ఇంటూ గుర్తు కనబడెడిది. వీడియోను వేరే ఫోల్డరుకు జరిపి మాత్రమే ఉంటే, తిరిగి పాత చోట పెట్టండి, సాధారణముగా సరిపోవును. తుడిచివేసి ఉంటే మరల క్యాసెట్టే దిక్కు. పని ముగియగానే ఎక్స్‌పోర్ట్ చేసి, వేరొక కంప్యూటరులో చివరివరకు ఆడించి చూచి, రెండు చోట్ల దాచండి.

గాలి హోరు ఉన్నదని శబ్దమంతయు తీసివేసి పాట పెట్టుట కొందరికి అలవాటు. పాట ఎక్కడైనను దొరకును. వధూవరుల తలలపై చేతులుంచి నాయనమ్మ చేసిన ప్రార్థన ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉన్నది. అక్కడ పాట వద్దు. హోరు కొంచెము ఉండనీయండి.