పంచకల్యాణి: పేరునకు అర్థము, కొనువారికి సూచన

అమ్మువాడు “ఇది పంచకల్యాణి” యన్నంతనే కొనువాడు వెల పెంచుట చిరకాలముగా నున్న యాచారము. ఈ మాటకు అర్థమేమో, దానివలన గుఱ్ఱమునకు కలుగు విలువ యెంతయో రైతులు తెలిసికొనుట మేలు.

కల్యాణమనగా శుభము. నాలుగు కాళ్ల క్రిందిభాగములును ముఖమును తెల్లగా నున్న గుఱ్ఱమునకు ఐదు శుభచిహ్నములు గలవని యీ పేరు కలిగినది. 12వ శతాబ్దివాడగు హేమచంద్రుడు అభిధానచింతామణి యను సంస్కృతనిఘంటువున ఇట్టి పేళ్లు రెండు చెప్పెను. ఱొమ్మున, వీపున, ముఖమున, ప్రక్కలయందు తెల్లమచ్చలు గలది పంచభద్రము. తోక, ఱొమ్ము, గిట్టలు, జూలు, ముఖము తెల్లనైనది అష్టమంగళము. భద్రము, మంగళము, కల్యాణము అను మూడును శుభవాచకములే.

కావున పంచకల్యాణి యనునది మచ్చల పేరు. మేనిరంగు పేరు కాదు. రంగులకు వేఱు పేళ్లు గలవు. 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన సికిందరాబాదు దండు నివాసమగుటచే ప్రజలు దానిని లష్కరందురు. ఉర్దూ మాటలాడు రౌతులును వ్యాపారులును ఎఱ్ఱని మేను, నల్లని జూలు, తోక గల గుఱ్ఱమును కుమైతందురు. ఇది అరబీ పదము. నల్లనిది ముష్కీ, పారసీలో ముష్కనగా కస్తూరి. వెండివలె తెల్లనిది నుక్రా.

క్రయపత్రమున “పంచకల్యాణి” యని మాత్రము వ్రాయించిన చాలదు. మేనిరంగును, ఏ కాలికి తెలుపు ఎంతవఱకు గలదో దానిని కూడ వ్రాయింపవలయును. గుఱ్ఱము దొంగిలింపబడినను, తగవు వచ్చినను ఆ వ్రాతయే సాక్ష్యము.

గర్భమున పిల్ల పెరుగునపుడు రంగునిచ్చు కణములు వెన్నునుండి బయలుదేరి పాదములను, ముఖమును చేరకపోవుటచే ఈ తెలుపు కలుగును. అందుచే సహజమైన మచ్చ క్రింద చర్మము గులాబివన్నెగా నుండును. నీటితో తడిపి, వెండ్రుకలు విడదీసి చూచినచో పూసిన తెలుపు బయటపడును.

ఈ తెలుపు బలమునకు గాని వేగమునకు గాని గుఱుతు కాదు. తెల్లగిట్ట మెత్తనిదను మాటయు నిజము కాదు. అయితే తెల్లని ముట్టె యెండకు కమలును. తెల్లని మడమలు బురదలో పగులును. వానిని శుభ్రముగను పొడిగను ఉంచవలయును.

పండ్లు, కన్నులు, గిట్టలు, ఊపిరి, నడక: ఈ యైదును బాగుగా నున్న గుఱ్ఱమే కొనువానికి నిజమైన పంచకల్యాణి.